టీఎల్‌డీ: మూడక్షరాల వెనుక కథ

హెచ్ఐవీ ఉన్నవారికి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే డబ్బా మీద చిన్న అక్షరాల్లో మూడు పేర్లు ఉంటాయి: టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50. అన్ని పేర్లూ ఎవరు పలుకుతారు? డాక్టరైనా, మందు వాడే మనిషైనా టీఎల్‌డీ అనే అంటారు.

హెచ్ఐవీ మందులకు పేర్ల చిక్కు మొదటి నుంచీ ఉంది. 1987లో అమెరికాలో ఆమోదం పొందిన తొలి మందుకే మూడు పేర్లు: ఏజడ్‌టీ, జిడోవుడిన్, కంపెనీ పెట్టిన రెట్రోవిర్. చీటీ మీద ఏజడ్‌టీ అని రాస్తే అజాథయోప్రిన్ అనుకునే ప్రమాదం ఉంది. అది రోగనిరోధక శక్తిని అణిచే మందు. హెచ్ఐవీ ఉన్నవారి చేతికి అది అందితే ఎంత ఘోరం! అందుకే ఆ పొట్టి పేరు రాయొద్దని మందుల భద్రతా నిపుణులు హెచ్చరిస్తూ వచ్చారు.

ఒక్కో మందుకు ప్రపంచమంతా చెల్లే పేరు పెట్టే పని ప్రపంచ ఆరోగ్య సంస్థది. తొలి జాబితా 1953లో వచ్చింది. పేరు చివర 'టెగ్రావిర్' అని ఉంటే అది వైరస్‌లోని ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకునే మందని తెలిసిపోతుంది. అయితే ఈ పద్ధతి విడి మందులకే. రెండు మూడు మందులు కలిపిన మాత్రకు అలాంటి పేరు ఉండదు. ఆ ఖాళీలోకే పొడి అక్షరాలు వచ్చాయి.

2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా మూడు మందులను ఒకే మాత్రలో పెట్టి ట్రయోమ్యూన్ తెచ్చింది. స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిసి ఎస్‌ఎల్‌ఎన్ అయ్యాయి. స్టావుడిన్ మోతాదును బట్టి ట్రయోమ్యూన్ 30, 40 అని రెండు రకాలు ఉండేవి. ఎస్‌ఎల్‌ఎన్ అని మాత్రమే రాస్తే ఆ తేడా కనిపించదు.

2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. మొదట తీసుకున్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నెవిరపిన్‌తో ఒంటి మీద దద్దుర్లు, లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి 14 రోజులూ దాన్ని సగం మోతాదులోనే ఇవ్వాలి. అంటే అప్పట్లో ఒక పూట ఎస్‌ఎల్‌ఎన్, రెండో పూట నెవిరపిన్ లేని ఎస్‌ఎల్. రెండు డబ్బాలు, ఒక్క అక్షరం తేడా. అప్పుడే జబ్బు సంగతి తెలిసి బెంగలో ఉన్న మనిషి ఇంటికెళ్లి ఆ అక్షరాన్ని గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. ఇది చిన్న భారం కాదు.

స్టావుడిన్‌తో బుగ్గలు లోపలికి పోయేవి, అరికాళ్లు మంటలెత్తేవి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్రమంగా ఆపేయమంది. దాని బదులు జిడోవుడిన్ పెట్టిన జడ్‌ఎల్‌ఎన్, తర్వాత టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన టీఎల్‌ఈ, చివరికి టీఎల్‌డీ వచ్చాయి. 2017లో ఏడాదికి సుమారు 75 డాలర్లకే టీఎల్‌డీ ఇస్తామని ముందుకొచ్చిన రెండు కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఒకటి.

టీఎల్‌ఈలో 'ఈ' అక్షరం పోయి 'డీ' రావడం పేరులో చిన్న మార్పే, వాడకంలో పెద్దది. ఎఫావిరెంజ్ వల్ల తల తిరుగుడు, పీడకలలు వచ్చేవి కాబట్టి టీఎల్‌ఈని పడుకునే ముందు వేసుకోమనేవారు. టీఎల్‌డీ ఏ పూటైనా వేసుకోవచ్చు, రోజూ ఒకే టైముకి వేసుకుంటే చాలు. ఈ సంగతి విడమరిచి చెబితేనే తెలుస్తుంది, అక్షరాలు చెప్పవు.

టీబీ కూడా ఉండి దానికి రిఫాంపిసిన్ అనే మందు వాడుతుంటే డోలుటెగ్రావిర్ ఒంట్లో తగ్గిపోతుంది. అందుకే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు విడిగా ఇంకో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. ఊరు మారి వేరే సెంటర్‌కు వెళ్లినవారు 'టీఎల్‌డీ వాడుతున్నా' అని మాత్రమే చెబితే ఆ రెండో మాత్ర సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. రెండు డబ్బాలూ వెంట తీసుకెళ్లి చూపించాలి, మందుల పుస్తకంలో పేర్లు మోతాదుతో సహా పూర్తిగా రాయించుకోవాలి.