పాత మోటారు సైకిలుకు చైన్, స్ప్రాకెట్ల ఎంపిక: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో పదిహేను, ఇరవై ఏళ్ళు దాటిన మోటారు సైకిళ్ళు ఇప్పటికీ చాలానే తిరుగుతున్నాయి. వాటికి చైన్ సెట్టు, అంటే చైన్, దాన్ని తిప్పే ముందు, వెనుక పళ్ళ చక్రాలు (స్ప్రాకెట్లు), మార్చే వేళ మా షెడ్డులో తరచుగా వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: బండి పేరు చెబితే చాలు, సరైన సెట్టు దొరుకుతుంది.

వాస్తవం: కొత్త బండి విషయంలో ఈ మాట చాలావరకు చెల్లుతుంది. చేతులు మారిన పాత బండికి మాత్రం ఎప్పుడో ఒక యజమాని మైలేజీ కోసం వెనుక స్ప్రాకెట్ మార్పించి ఉండవచ్చు, మరొకరు వేరే మోడల్ హబ్బు (చక్రం నడిమి భాగం) వేయించి ఉండవచ్చు. అందువల్ల షాపుకు వెళ్ళే ముందే చైన్ మీద ముద్రించిన నంబరు, మొత్తం లింకులు, రెండు స్ప్రాకెట్ల పళ్ళు చూసి రాసుకోవాలి. 428 అనే నంబరులోని మొదటి అంకె పిచ్‌ను, అంటే పక్కపక్క పిన్నుల మధ్య దూరాన్ని, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన తెలుపుతుంది; నాలుగు వంతులంటే అరంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 520, 530 చైన్లకు అది 15.875 మిల్లీమీటర్లు. తక్కిన రెండు అంకెలు లోపలి వెడల్పుకు సంబంధించినవి. 420, 428 చైన్ల పిచ్ ఒకటే అయినా, 420 ఇరుకైనది కనుక 428 స్ప్రాకెట్ మీద కూర్చోదు. 428 పక్కన హెచ్ అనే అక్షరం ఉంటే ప్లేట్లు మందమని అర్థం. దాని కోసం స్ప్రాకెట్లు మార్చనక్కరలేదు. పాత స్ప్రాకెట్లను వెంట తీసుకువెళ్ళి, కొత్తవాటిని వాటి మీద పెట్టి, నడిమి రంధ్రం, బోల్టు రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూసుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

అపోహ: సాగింది చైన్ కాబట్టి చైన్ ఒక్కటే మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: నిజానికి ఇనుప ప్లేట్లు సాగవు, లోపలి పిన్నులు, వాటి చుట్టూ ఉండే గొట్టాల్లాంటి బుష్‌లు అరగడం వల్ల పిచ్ పెరుగుతుంది, ఆ పెరిగిన పిచ్‌కు తగ్గట్టుగా పళ్ళు కూడా అరుగుతాయి. ముందు స్ప్రాకెట్‌కు పళ్ళు తక్కువ కనుక ప్రతి పన్నూ ఎక్కువసార్లు చైన్‌ను లాగుతుంది, ముందుగా అరిగేదీ అదే. కవరు విప్పి, గ్రీజులో కలిసి గట్టిపడిన ఇసుకను గీకితే, కొక్కేల్లా ఒక వైపుకు వంగిన పళ్ళు బయటపడతాయి. అలాంటి పళ్ళ మీద వేసిన కొత్త చైన్ త్వరగా పాడవుతుంది. 428 చైన్‌ను బిగువుగా లాగి పట్టి, ఒకటో పిన్ను నుంచి ఇరవై ఒకటో పిన్ను వరకు కొలిస్తే కొత్తదానికి 254 మిల్లీమీటర్లు వస్తుంది. అది 259కి చేరితే మూడింటినీ కలిపి మార్చడమే మేలు.

అపోహ: ముందు ఒక పన్ను పెంచితే మైలేజీ పెరుగుతుంది, నష్టమేమీ ఉండదు.

వాస్తవం: ముందు 14, వెనుక 42 పళ్ళున్న బండికి నిష్పత్తి 3, ముందు 15 వేస్తే 2.8. అదే వేగానికి ఇంజను తిరుగుడు సుమారు ఏడు శాతం తగ్గుతుంది, వెనుక చక్రానికి అందే లాగుడు కూడా అంతే తగ్గుతుంది. చదునైన బీచ్ రోడ్డులో ఒంటరిగా వెళ్ళేవారికి ఇది హాయిగానే ఉంటుంది కానీ, వెనుక మనిషిని ఎక్కించుకుని సింహాచలం కొండో అనంతగిరి ఘాటో ఎక్కేవారు గేరు దించక తప్పదు, క్లచ్ మీదా భారం పడుతుంది. కంపెనీ ఇచ్చిన పళ్ళ లెక్కనే ఉంచమని నేను చెబుతాను. వేగం గేర్‌బాక్స్ నుంచి చదివే బండ్లలో స్పీడోమీటరు కూడా తప్పు చూపుతుంది. ముందు చక్రం నుంచి కేబుల్ వచ్చే బండ్లకు ఆ బెడద లేదు.

అపోహ: ఓ-రింగ్ చైన్ వేయిస్తే ఇక నూనె అక్కరలేదు.

వాస్తవం: రబ్బరు రింగులు పిన్నుల దగ్గరి గ్రీజును మాత్రమే కాపాడతాయి, రోలర్లు, బయటి ప్లేట్లు ఉప్పుగాలికి ఎప్పటిలాగే తుప్పు పడతాయి. పైగా ఈ చైన్ వెడల్పుగా ఉంటుంది కనుక, పాత బండ్ల ఇంజను కేసుకో చైన్ కవరుకో రాసుకోకుండా చోటుందో లేదో ముందే చూడాలి. రింగులను పెట్రోలుతో గానీ ఇనుప బ్రష్షుతో గానీ శుభ్రం చేయకూడదు. కిరోసిన్, మెత్తని బ్రష్షు చాలు, ఆపై 90 నంబరు గేర్ ఆయిల్ పలుచగా పట్టించాలి.

అపోహ: చైన్ లాక్ ఎటు పెట్టినా ఒకటే.

వాస్తవం: చైన్ రెండు కొనలను కలిపే లింకును పట్టి ఉంచే క్లిప్పే ఈ లాక్; దాని మూసి ఉన్న కొన చైన్ కదిలే దిశకే ఉండాలి.

అపోహ: బిగుతుగా ఉంటేనే చైన్ జారదు.

వాస్తవం: మితిమీరిన బిగువు గేర్‌బాక్స్ బేరింగులను తినేస్తుంది. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటును గుర్తించి, ఆ చోటునే మాన్యువల్ చెప్పిన వదులు ఉండేలా సర్దాలి.