ఆస్తమా ఉంటే శెనక్కాయలు మానాలా? అపోహలు - వాస్తవాలు

ఆస్తమా అని చెప్పి మందులు రాసివ్వగానే అనంతపురంలో మా ఓపీలో తప్పకుండా వచ్చే ప్రశ్న: "ఏమేం తినగూడదు సార్?" అన్నీ తినొచ్చు అంటే ముఖాలు చిన్నబోతాయి. పథ్యం చెప్పని డాక్టరు ఏం డాక్టరు అన్నట్టు చూస్తారు. చాలామంది అప్పటికే పెరుగు, అరటిపండు, గుడ్డు, వంకాయ, శెనక్కాయలు మానేసి వచ్చుంటారు. ఇన్‌హేలర్ మాత్రం మొదలుపెట్టి ఉండరు.

ఆస్తమా, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తిండితో ఏ గొడవా లేదు. నిజంగా ఆహార అలర్జీ ఉన్న కొద్దిమందికి మాత్రం ఆస్తమా కూడా తోడైతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చకుండా అందరికీ ఒకటే పథ్యం చెప్పడం నాకు నచ్చదు.

అపోహ: ఆస్తమా వాళ్లకు శెనక్కాయలు పడవు

మా జిల్లాలో ఈ అపోహ పుట్టడానికి కారణం ఉంది. వానాకాలం పంటను పీకి, వామి వేసి, మిషన్‌కు కొట్టించే రోజుల్లో పల్లెల నుంచి ఆయాసంతో వచ్చేవాళ్లు పెరుగుతారు. "శెనక్కాయల దగ్గరికి పోతే దమ్ము వస్తాంది సార్" అంటారు. నిజమే. కానీ అక్కడ లేచేది ఎర్రమట్టి దుమ్ము, ఎండిన ఆకు పొట్టు, తేమకు వామిలో పట్టిన బూజు. ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయాసం తెచ్చేవి అవి. "ఇంట్లో శెనక్కాయ చట్నీ తింటే ఏమైతుంది?" అని అడుగుతాను. "చట్నీకేమైతుంది సార్, రోజూ తింటాం" అంటారు. అలాంటివాళ్లు చట్నీ మానక్కర్లేదు, ఊరిబిండీ మానక్కర్లేదు. మిషన్ దగ్గరికి పోయేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోవాలి, ఆ రోజుల్లో ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా తప్పకూడదు.

వంటింట్లోనూ ఇంతే. ఎండుమిరపకాయల తిరగమోతకు దగ్గు తెరలు వస్తే అది మిరపకాయ అలర్జీ కాదు. ఆ ఘాటు ఎవరి గొంతైనా పట్టేదే, ఆస్తమా వాళ్లకు ఇంకాస్త ఎక్కువగా పడుతుంది.

అసలు ఆహార అలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు బయటపడుతుంది. తిన్నప్పుడల్లా వస్తుంది. నోరు దురద, పెదవుల వాపు, ఒంటిమీద దద్దుర్లు, వాంతి, కడుపునొప్పి, వీటితోపాటు ఆయాసం. చర్మం మీదా కడుపులోనూ ఏమీ లేకుండా తిండి వల్ల ఒక్క ఆయాసమే రావడం అరుదు. నిన్న మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాడు, ఈరోజు పిల్లికూతలు మొదలయ్యాయి అంటే ఆ రెండింటికీ ముడిపెట్టలేం.

అపోహ: శెనక్కాయలు తిన్నాక పిల్లికూతలు మొదలైతే అలర్జీయే

చిన్నపిల్లల్లో ముందు అనుమానించాల్సింది వేరే ఉంది. ఆడుకుంటూనో ఏడుస్తూనో నములుతుంటే విత్తనం గాలిగొట్టంలోకి జారిపోతుంది. ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గుతారు, కాసేపటికి సర్దుకున్నట్టే కనిపిస్తారు. కొన్ని రోజులకు దగ్గు, జ్వరం, పిల్లికూతలు. నెబులైజర్ పెట్టినా తగ్గదు. స్టెతస్కోప్‌తో వింటే ఒక వైపే కూత వినిపిస్తుంది, లేదా ఒక వైపు గాలి తక్కువగా ఆడుతుంది. శెనక్కాయ విత్తనం ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు. బ్రాంకోస్కోపీ చేసి, అంటే గాలిగొట్టంలోకి కెమెరా ఉన్న గొట్టం పంపి, తీయాల్సిందే. ఇలాంటి పిల్లలకు ఆస్తమా అనుకుని వారాల తరబడి మందులు పోసి, చివరికి తీసుకొచ్చేవాళ్లున్నారు. మొదట దగ్గు వచ్చినప్పుడు నోట్లో ఏముంది అని అడిగితే తల్లికి వెంటనే గుర్తొస్తుంది.

అపోహ: టెస్టులో పాజిటివ్ వచ్చింది, ఇక ఆ తిండి మానాల్సిందే

ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. రక్తంలో ఒక ఆహారానికి ఐజీఈ (అలర్జీలో పాత్ర ఉండే యాంటీబాడీ) కనిపించడం వేరు, ఆ ఆహారం తింటే జబ్బు చేయడం వేరు. మన పక్కనున్న కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవాళ్లు నూటికి 26 మందికి పైగా తేలారు. తిన్నప్పుడు లక్షణాలు కూడా ఉండి, ఆహార అలర్జీ ఉండొచ్చు అనిపించినవాళ్లు 1.2 శాతమే. అంటే టెస్టు కాగితం ఒక్కటే పట్టుకుని తిండి మాన్పిస్తే, మానేవాళ్లలో ఎక్కువమంది ఊరికే మానినట్టు.

ఆస్తమా వాళ్లలో ఈ తికమక ఇంకా ఎక్కువ. ఇంటి దుమ్ములో, పరుపుల్లో ఉండే సూక్ష్మమైన పురుగులకు అలర్జీ ఉన్నవాళ్లకు రొయ్యల టెస్టు కూడా పాజిటివ్ రావచ్చు. ఆ పురుగుల్లో, బొద్దింకల్లో, రొయ్యల్లో ట్రోపోమయోసిన్ అనే ఒకే రకం ప్రొటీన్ ఉంటుంది. వీళ్లలో చాలామంది రొయ్యల కూర హాయిగా తినేవాళ్లే. తిని ఏమీ కానప్పుడు టెస్టు చూసి మానక్కర్లేదు.

ఇక వందల పదార్థాల పేర్లతో పెద్ద ప్యాకేజీగా అమ్మే ఐజీజీ (ఐజీఈ కాదు, వేరే రకం యాంటీబాడీ) టెస్టులకు డబ్బు తగలేయకండి. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం మీరు తింటున్నారని అర్థం, అంతే. అలర్జీ నిపుణుల సంఘాలు దీన్ని వద్దంటున్నాయి. అనుమానం తేలనప్పుడు, ఆస్తమా అదుపులో ఉన్న సమయం చూసి, ఆసుపత్రిలో డాక్టరు ఎదుటే కొంచెం కొంచెంగా తినిపించి చూసేదే అసలు పరీక్ష. ఇంట్లో ఎవరూ ఈ ప్రయోగం చేయొద్దు.

అనవసరంగా మాన్పిస్తే ఏమవుతుంది అంటారా? బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ పెడతారు. ఆస్తమా ఉందని ఆ రెండూ వద్దని పిల్లవాడికి చెప్పి పంపితే రోజులో దొరికే మంచి ప్రొటీన్ పోయినట్టే. బక్కచిక్కి ఉన్న పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

అపోహ: పెరుగు, అరటిపండు చలువ, కఫం పెంచుతాయి

పాలు, పెరుగు కఫాన్ని పెంచవు. పాలు తాగాక నోట్లో కాస్త చిక్కగా అనిపించడం వేరే సంగతి. ఐస్ లాగా చల్లగా ఉన్నవి తాగితే కొందరికి దగ్గు రావచ్చు, అది చల్లదనం వల్ల. రాత్రి పొద్దుపోయాక కడుపునిండా సంగటి తిని వెంటనే పడుకునేవాళ్లకు మాత్రం ఒక మాట: పుల్లటి తేన్పులతో పైకి తన్నుకొచ్చే ఆమ్లం వల్ల కూడా రాత్రి దగ్గు వస్తుంది. అక్కడ సంగటి తప్పేం లేదు, తినే వేళ మార్చుకోవాలి.

అపోహ: నూనెలో ఏముంటుంది, శెనక్కాయ అలర్జీ ఉన్నా నూనె పర్వాలేదు

ఇది శెనక్కాయ అలర్జీ నిజంగా ఉందని తేలినవాళ్లకు. పూర్తిగా రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు. మనవాళ్లు ఇష్టపడి ఆడించుకునే గానుగ నూనెలో మిగులుతుంది. వీళ్లకు గానుగ నూనె వద్దు. చిత్రాన్నంలో విత్తనాలు ఏరేసి తినడమూ కుదరదు. వేయించినా అలర్జీ గుణం పోదు, ఇంకా పెరగొచ్చు. బడిలో చిక్కీ సంగతి హెడ్‌మాస్టరుకు ముందే చెప్పి పెట్టాలి.

అపోహ: అలర్జీ రాకుండా పసిపిల్లలకు శెనక్కాయలు, గుడ్డు ఆలస్యంగా పెట్టాలి

ఒకప్పుడు డాక్టర్లూ ఇలాగే చెప్పేవాళ్లు. 2015లో బ్రిటన్‌లో 640 మంది పిల్లల మీద చేసిన లీప్ అధ్యయనం దీన్ని తిరగేసింది. తీవ్రమైన గజ్జి లాంటి ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న పసిపిల్లలకు ఏడాది లోపే శెనక్కాయ పదార్థాలు మొదలుపెడితే, అయిదేళ్లకు శెనక్కాయ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. అంత ఎగ్జిమా ఉన్న బిడ్డకు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. మిగతా పిల్లలకు ఆరు నెలలు నిండాక మెత్తటి పొడిగా చేసి అన్నంలో కలిపి పెట్టొచ్చు. గింజలుగా మాత్రం అయిదేళ్ల దాకా వద్దు, ఎందుకో పైన చెప్పాను.

అపోహ: తిన్నది పడక దద్దుర్లు, ఆయాసం వస్తే ఎవిల్ (దురద, దద్దుర్లు తగ్గించే అలర్జీ మందు) ఇంజెక్షన్ చాలు

ఒట్టి దద్దుర్లకు సరిపోవచ్చు. దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు పట్టేయడం, కళ్లు తిరగడం, ఆగని వాంతులు ఉంటే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ రియాక్షన్. దానికి మొదటి మందు అడ్రినలిన్, తొడ బయటి వైపు కండరంలోకి. ఎవిల్, స్టెరాయిడ్ దాని తర్వాతే. ఆస్తమా ఉన్నవాళ్లు దీన్ని మామూలు ఆయాసం అనుకుని ఇన్‌హేలర్ మీద ఇన్‌హేలర్ పీలుస్తూ సమయం పోగొట్టుకుంటారు. ఈ రియాక్షన్‌లో ప్రాణాలు పోయినవాళ్లలో అదుపులో లేని ఆస్తమా ఉన్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ఆహార అలర్జీ ఉన్నవాళ్లు రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్‌ను "ఇప్పుడు బాగుంది కదా" అని ఆపేయకూడదు.

అడ్రినలిన్ ఖరీదైన మందేం కాదు, పీహెచ్‌సీల్లోనూ ఉండాల్సిన మందే. 108కి ఫోన్ చేసి, మనిషిని కాళ్లు ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి, లేపి నడిపించొద్దు. ఇంజెక్షన్ పడ్డాక బాగైందని వెంటనే బస్సెక్కి ఊరికి పోవద్దు. కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెట్టొచ్చు, డాక్టరు పంపేదాకా ఆసుపత్రిలోనే ఉండండి.