తక్కువ ధర సైలెన్సర్‌లో మనం కొనేది ఏమిటి?

టెక్సస్‌లో ఉండే మా మేనల్లుడు కార్తీక్ ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. గ్రీన్ కార్డు వచ్చాక ఒక రైఫిల్ కొన్నాడు, సెలవు దొరికితే షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటాడు. "మామా, రైఫిల్‌కి సప్రెసర్, అదే చప్పుడు తగ్గించే సైలెన్సర్ గొట్టం, కొందామనుకుంటున్నా. నాలుగైదు వందల డాలర్లకు మించి పెట్టలేను. లోహాల సంగతి నీకు తెలుసు కదా, ఏది తీసుకోమంటావ్?" అన్నాడు.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ముప్ఫై ఏళ్లు స్టీలు రేకులు వంచే ప్రెస్ షాపులో పనిచేసినవాణ్ణి. తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదు. కానీ లోహం ఎక్కడ అలసిపోతుందో, చప్పుడు చెవిని ఏం చేస్తుందో బాగా తెలుసు. మా షాపులో చెవులకు పెట్టుకోడానికి ఏమీ ఇచ్చేవాళ్లు కాదు, మేమూ అడగలేదు. ఇప్పుడు నా ఎడమ చెవిలో రాత్రీ పగలూ సన్నటి ఈల మోగుతూనే ఉంటుంది. అందుకే వాడి ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

మన హైదరాబాద్‌లో సైలెన్సర్ అంటే బైక్‌దే. ఆ సాయంత్రం పుత్లీబౌలిలో నాకు తెలిసిన సలీం భాయ్ షాపుకి వెళ్లి, తుక్కులో పడేసిన పాత బుల్లెట్ బండి సైలెన్సర్ ఒకటి నిలువునా కోయించాను. లోపలంతా వేలికి అంటుకునే నల్లటి మసి. గొట్టం ఖాళీగా ఉంటుందనుకుంటాం కానీ అడ్డంగా రేకు పలకలు, వాటి మధ్య గదులు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లే చిల్లుల పైపులు ఉన్నాయి. ఇంజిన్ నుంచి ఉరికి వచ్చే వాయువు ఒక గదిలో వ్యాపించి, గోడలకు తగిలి, కాస్త చల్లబడి, తర్వాతి గదిలోకి పోతుంది. చివరికి బయటపడేసరికి దాని ఊపు సగం చచ్చిపోయి ఉంటుంది. "చప్పుడును ఆపేది రేకు కాదు సార్, ఈ ఖాళీ జాగానే" అన్నాడు సలీం భాయ్. ఇంత కచ్చితంగా పుస్తకం కూడా చెప్పదు.

వంటింట్లో చూడండి. ఆవిరి నిండిన కుక్కర్ వెయిట్ ఒక్కసారిగా ఎత్తితే ఇల్లంతా అదిరేలా బుస్సుమంటుంది. గరిటెతో కొద్దికొద్దిగా లేపితే సన్నగా సుయ్యిమంటుంది. రెండుసార్లూ బయటికొచ్చిన ఆవిరి ఒకటే. తేడా అంతా అది తీసుకున్న సమయంలో ఉంది. రైఫిల్ సప్రెసర్ చేసే పని కూడా వాయువుకు ఆ కాస్త సమయం ఇవ్వడమే.

కాకపోతే ఇక్కడ ఒత్తిడి లెక్క వేరు. బైక్ టైర్‌లో 30 పీఎస్ఐ గాలి కొట్టిస్తాం. .223 రైఫిల్‌లో (ఈ అంకె తూటా లావును సుమారుగా అంగుళాల్లో చెబుతుంది) మందు మండినప్పుడు తూటా కూర్చునే ఛాంబర్‌లో పుట్టే ఒత్తిడి 55,000 పీఎస్ఐ దాకా ఉంటుంది. తూటా బ్యారెల్ చివరికి చేరేసరికి అది బాగా తగ్గినా ఇంకా వేలల్లోనే ఉంటుంది. ఆ వాయువు సెకనులో వెయ్యో వంతు కాలంలో బయటి గాలిని గుద్దుతుంది. మనకు వినిపించే పేలుడు అదే. పైగా తూటా దూసుకుపోవాలి కాబట్టి మధ్యలో తిన్నటి దారి వదలాలి. అందుకే సప్రెసర్ లోపల ఒకదాని వెనక ఒకటి గరాటుల్లాంటి అడ్డుబిళ్లలు ఉంటాయి. వాటినే బాఫిల్స్ అంటారు. తూటా మధ్య రంధ్రంలోంచి వెళ్లిపోతుంది, వాయువు పక్కలకు మళ్లి గదుల్లో తిరుగుతుంది.

ఈ ఆలోచన హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే అమెరికన్ ఇంజినీరుది. 1909లో పేటెంట్ తీసుకున్నాడు. స్నానాల తొట్టిలో నీళ్లు సుడి తిరుగుతూ దిగడం చూసి అతనికి ఇది తట్టిందని చెబుతారు. నన్ను కదిలించిన విషయం మాత్రం ఇంకొకటి. అతని తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ 1884లో మెషిన్ గన్ కనిపెట్టినవాడు. ఆ తుపాకుల దగ్గరే బతికి చివరికి చెవుడు తెచ్చుకున్నాడు. కొడుకేమో తుపాకీ చప్పుడును తగ్గించే పనిలో పడ్డాడు. తర్వాత ఇదే సూత్రంతో అతని కంపెనీ ఇంజిన్లకు కూడా సైలెన్సర్లు తయారు చేసింది. అంటే సలీం భాయ్ కోసిన గొట్టమూ, కార్తీక్ కొనబోయే గొట్టమూ దగ్గరి చుట్టాలే.

సినిమాల్లో గొట్టం బిగించగానే 'ఫట్' అని చిన్న చప్పుడు వస్తుంది. అది నిజం కాదు. రైఫిల్ పేలుడు 160 డెసిబెల్స్ పైనే. మంచి సప్రెసర్ 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గిస్తుంది. వినడానికి కొంచెమే అనిపిస్తుంది కానీ ఈ కొలతలో 10 తగ్గితే ధ్వని శక్తి పదో వంతుకు, 30 తగ్గితే వెయ్యో వంతుకు పడిపోతుంది. అయినా మిగిలేది 130 పైమాటే. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారి తగిలినా చెవికి ప్రమాదమే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి దాదాపు 15 వేలు ఉంటాయి. జుట్టు ఊడితే మళ్లీ మొలుస్తుందేమో, ఇవి మాత్రం పోతే మళ్లీ రావు. కాబట్టి సప్రెసర్ ఉన్నా ఇయర్ మఫ్స్ పెట్టుకోవాల్సిందే. ఈ మాట కార్తీక్‌కి నాలుగుసార్లు చెప్పాను.

ఇంకో చప్పుడు ఉంది. దాన్ని ఏ గొట్టమూ తగ్గించలేదు. గోల్కొండ ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో బాలా హిస్సార్ మీద వినిపిస్తుందని మనందరం పిల్లలకు చూపిస్తాం. ఆ చప్పట్ల శబ్దానికి పైకి చేరడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. రైఫిల్ తూటా మొదట్లో సెకనుకు 900 మీటర్లకు పైగా పోతుంది, అంటే తన చప్పుడును తానే దాటిపోతుంది. అలా దాటినప్పుడు దారి పొడవునా గాలిలో కొరడా ఝళిపించినట్టు పగిలే చప్పుడు పుడుతుంది. అది పుట్టేది గొట్టం బయట, కాబట్టి ఎంత ఖరీదైన సప్రెసర్ కొన్నా అది ఉంటుంది. అది వద్దనుకుంటే శబ్ద వేగం కన్నా నిదానంగా పోయే సబ్‌సోనిక్ తూటాలు వాడాలి. ఆ హద్దు కూడా ఎండను బట్టి మారుతుంది. మన మే నెల 40 డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు సుమారు 355 మీటర్లు పోతుంది, నీళ్లు గడ్డకట్టే చలిలో 331 మీటర్లే. సెకనుకు 340 మీటర్లు పోయే తూటా ఎండాకాలం ఆ కొరడా చప్పుడు లేకుండా వెళ్లి, గడ్డ కట్టే చలిలో కొరడాలా పేలుతుంది.

ఇక కొనే సంగతి. కార్తీక్ నాకు పంపిన ప్రకటనలన్నీ డెసిబెల్ అంకెలతోనే నిండి ఉన్నాయి. ఒకరు 32 అంటారు, ఇంకొకరు 34 అంటారు. ఆ రెండు అంకెల తేడాకి వంద డాలర్లు ఎక్కువ పెట్టొద్దని చెప్పాను. ఆ శబ్దం శిఖరానికి చేరేది సెకనులో లక్షో వంతు కాలంలో. దాన్ని పట్టాలంటే ప్రత్యేకమైన పరికరం కావాలి, ఫోన్ యాప్ దానికి ఏ మాత్రం సరిపోదు. మైకును బ్యారెల్ మూతి పక్కన పెడితే ఒక అంకె, కాల్చేవాడి చెవి దగ్గర పెడితే ఇంకొకటి. ఒకే చోట, ఒకే రైఫిల్ మీద, ఒకే తూటాతో కొలిచినవైతేనే పోల్చుకోవాలి.

డబ్బు పెట్టాల్సింది లోహం మీద. అల్యూమినియం చవక, తేలిక. కానీ అది 660 డిగ్రీలకే కరిగిపోయే లోహం, 200 చేరేలోపే బలం జారిపోవడం మొదలవుతుంది. చిన్న .22 తుపాకీకి అది చాలు. రైఫిల్‌కి పనికిరాదు. టైటానియం స్టీలు కన్నా చాలా తేలిక, బాగుంటుంది, కానీ ధర ఎక్కువ, గబగబా కాల్చి ఎర్రగా వేడెక్కిస్తే దానికీ కష్టమే. ఇన్‌కొనెల్ లాంటి నికెల్ మిశ్రమాలు వేడికి లొంగవు, బడ్జెట్‌కీ లొంగవు. మిగిలింది స్టెయిన్‌లెస్ స్టీలు, అందులో 17-4 అనే గట్టి రకం. బరువు ఉంటుంది, తుపాకీ ముందుభాగం కిందికి లాగుతుంది. కానీ బల్ల మీద ఆనించి నింపాదిగా కాల్చేవాడికి ఆ బరువు సమస్యే కాదు. ముప్ఫై ఏళ్లు స్టీలుతో బతికినవాడిగా నా ఓటు దానికే.

రెండో సలహా కొలత గురించి. .30 కాలిబర్, అంటే ఇంకా లావు తూటాకు సరిపడే, సప్రెసర్ కొంటే .223 తూటా కూడా అందులోంచి సుఖంగా వెళ్తుంది. రంధ్రం కాస్త పెద్దదవడం వల్ల చప్పుడు కొంచెం ఎక్కువ వస్తుంది, అంతే. రేపు .30 దాకా ఇంకో రైఫిల్ కొన్నా, తయారీదారు ఒప్పుకున్న తూటాదైతే, ఇంకో గొట్టం కొనక్కర్లేదు. పెద్ద తూటాను చిన్న రంధ్రంలోంచి పంపితే మాత్రం గొట్టం పగిలిపోతుంది, ప్రాణానికే ముప్పు. బ్యారెల్ ఎంత పొట్టిగా ఉండొచ్చో తయారీదారు రాసిన హద్దు కూడా చూడాలి. బ్యారెల్ పొట్టిదయ్యే కొద్దీ మూతి దగ్గర ఒత్తిడి పెరుగుతుంది.

క్షణంలో ఊడదీసే మౌంట్లకు డబ్బు తగలేయొద్దన్నాను. బ్యారెల్ మరకు నేరుగా బిగించేది చవక. కానీ ఆ మర సూటిగా ఉందో లేదో గన్‌స్మిత్ చేత రాడ్ పెట్టి చూపించాలి. లేత్ మీద పనిచేసినవాళ్లకు తెలుసు, మొదట్లో వెంట్రుకవాసి వంకర చివరికి ఎంతవుతుందో. ఇక్కడ ఆ వంకర వల్ల తూటా లోపలి బిళ్లను తాకుతుంది, అప్పుడు గొట్టం తుక్కే.

ఆన్‌లైన్‌లో శుభ్రం చేసే కిట్ అనే పేరుతో యాభై డాలర్లకు అమ్మే గొట్టాలు కొన్ని ఉంటాయి. వాటి జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పాను. వాటిని సప్రెసర్‌గా మార్చి అనుమతి లేకుండా పెట్టుకుంటే అమెరికా చట్టంలో పదేళ్ల దాకా జైలు. సక్రమంగా కొనాలంటే దరఖాస్తు, వేలిముద్రలు, పోలీసు రికార్డుల తనిఖీ అన్నీ ఉంటాయి. 1934 చట్టంలో పెట్టిన 200 డాలర్ల పన్ను ఇన్నేళ్లూ అలాగే ఉండి, 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. చవకలో కొనేవాడికి ఇంతకు మించిన తగ్గింపు ఏ కంపెనీ ఇవ్వలేదు. ఇదంతా అక్కడి సంగతి. మన దేశంలో చప్పుడు తగ్గించే ఈ సామాను ఆయుధ నిబంధనల నిషిద్ధ జాబితాలో ఉంది, లైసెన్సు తుపాకీ ఉన్నా మామూలు మనిషి దీన్ని పెట్టుకోకూడదు.

బైక్‌కి మాత్రం మనం దీనికి ఉల్టా చేస్తున్నాం. సలీం భాయ్ దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది కంపెనీ సైలెన్సర్ పీకేసి లోపల గదులే లేని ఖాళీ గొట్టం పెట్టమంటారట. చట్టం దీనికి పది వేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అంటుంది. తనైతే పెట్టనని చెప్పాడు. ఇంట్లో ఏడాది నిండని మనవరాలు ఉంది, రాత్రి రోడ్డు మీద అలాంటి బండి పోతే ఉలిక్కిపడి లేస్తుందట.

కార్తీక్ చివరికి స్టెయిన్‌లెస్ స్టీలుది, .30 రకం ఎంచుకున్నాడు. పెట్టుకున్న బడ్జెట్‌లో నలభై డాలర్లు తీసి మంచి ఇయర్ మఫ్స్ కొనమన్నాను. అనుమతి కాగితం చేతికి రాకముందే అవి కొని ఫొటో పెట్టాడు.