వీర్యకణం అతుక్కునేది చక్కెరకా, ప్రొటీన్‌కా? ఆన్ డెల్ పరిశోధన చుట్టూ తెగని వాదం

అండంలోకి ఒక వీర్యకణం దూరగానే రెండోదానికి దారి మూసుకుపోతుంది. అది ఎలా మూసుకుంటుందో వివరిస్తూ 2024లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన లూకా జోవీన్ బృందం 'సెల్' పత్రికలో రాసిన పరిశోధనతో పాత వాదం మళ్లీ రాజుకుంది. అండం చుట్టూ ఉండే పొర పేరు జోనా పెల్లూసిడా. అందులోని జడ్‌పీ2 అనే ప్రొటీన్ గొలుసు ఫలదీకరణ తర్వాత కొస దగ్గర తెగుతుంది. ఆ కొసే వీర్యకణానికి పట్టు అని, తెగితే ఆ పట్టు పోతుందని చాలామంది చెబుతూ వచ్చారు. జోవీన్ బృందం చెప్పింది వేరు. తెగిన జడ్‌పీ2 కొసలు ఒకదాన్నొకటి పట్టుకుని పొరలోని పోగులను బిగించేస్తాయని, ఆ గట్టిదనమే రెండో వీర్యకణాన్ని ఆపుతుందని.

దారి మూసుకోవడానికి పట్టు పోనక్కర్లేదంటే, మొదట్లో వీర్యకణం పట్టుకున్నది ఆ ప్రొటీన్ కొసనేనా? ఈ ప్రశ్న లేవగానే అందరూ తిరిగి తిరగేస్తున్నది 2011 సెప్టెంబరులో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని. దాని వెనక ఉన్నది లండన్ ఇంపీరియల్ కాలేజీ బయోకెమిస్ట్ ఆన్ డెల్. పట్టు ప్రొటీన్‌ది కాదు, ప్రొటీన్ మీద ఉండే చక్కెర గొలుసుదని ఆ వ్యాసం చెప్పింది.

డెల్ ఆస్ట్రేలియాలో చదువుకుని, కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసి, ఇంపీరియల్‌లో హోవర్డ్ మోరిస్‌తో చేరారు. 2002లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఇదంతా తెలిసిందే. ఈ వివాదానికి పనికొచ్చేది ఆమె పని చేసిన పద్ధతి. 1981లో మాంచెస్టర్‌లో మైఖేల్ బార్బర్ బృందం ఫాస్ట్ యాటమ్ బొంబార్డ్‌మెంట్ పద్ధతిని బయటపెట్టేదాకా పెద్ద అణువులను మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి, అంటే అణువుల బరువు తూచే యంత్రంలోకి, ఎక్కించడమే కష్టం. వేడిచేసి ఆవిరి చేయబోతే చక్కెరలు మాడిపోయేవి. బార్బర్ పద్ధతిలో నమూనాను గ్లిసరాల్ లాంటి ద్రవంలో కలిపి, దాని మీద వేగంగా పోయే పరమాణువులను కొడితే అణువులు చెడిపోకుండా పైకి లేస్తాయి. దాన్ని గ్లైకోప్రొటీన్ల (చక్కెర గొలుసులు ఎక్కిన ప్రొటీన్ల) మీద మొట్టమొదట్లోనే వాడినవాళ్లలో డెల్, మోరిస్ ఉన్నారు.

ఆ పని ఇలా సాగుతుంది. ఎంజైమ్‌తో ప్రొటీన్ నుంచి చక్కెర గొలుసులను విడదీస్తారు. వాటి హైడ్రాక్సిల్ గ్రూపులన్నిటికీ మిథైల్ తగిలిస్తారు. అప్పుడు గొలుసు ఎక్కడ పడితే అక్కడ కాక, తెలిసిన చోట్లే తెగుతుంది. సియాలిక్ ఆమ్లం, గెలాక్టోజ్, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమీన్ అనే చక్కెరలు వరసగా ఉన్న కొస తెగితే స్పెక్ట్రమ్‌లో 825 దగ్గర పీక్ వస్తుంది. 999 దగ్గర వస్తే దానికి ఫ్యూకోజ్ అనే ఇంకో చక్కెర కూడా తగులుకుని ఉందన్నమాట, 174 తేడా దానిదే. అయితే ఆ ఫ్యూకోజ్ ఏ చోట తగులుకుందో బరువు ఒక్కటే చెప్పదు. ఫ్యూకోజ్ తగులుకున్న చోటును బట్టి సియాలిల్ లూయిస్-ఎక్స్, సియాలిల్ లూయిస్-ఎ అని పేర్లు మారే రెండు కొసలు బరువులో ఒకటే. అందుకే వేరే పరీక్షలు కూడా చేశాకే పేరు పెడతారు. డెల్ ల్యాబ్ మాటకు ఈ రంగంలో విలువ వచ్చింది ఈ ఓపిక వల్లే.

2011 గురించి మాట్లాడేవాళ్లు దాటేసే మలుపు 1996లో ఉంది. నా దృష్టిలో ఇవాళ్టి తగువుకు తాళంచెవి అదే.

గ్లైకోడెలిన్ అనే ప్రొటీన్ ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఉంటుంది. ఉమ్మనీటిలో దొరికేదాన్ని గ్లైకోడెలిన్-ఎ అనీ, వీర్యంలో దొరికేదాన్ని గ్లైకోడెలిన్-ఎస్ అనీ అంటారు. అమైనో ఆమ్లాల వరస రెండింటిలోనూ అక్షరం తేడా లేదు. చక్కెర ఎక్కే చోట్లు కూడా అవే, 28వ, 63వ స్థానాల్లోని ఆస్పరజీన్‌లు. హెల్సింకీలో మార్కు సెప్పాలా బృందం, అమెరికాలో గ్యారీ క్లార్క్, లండన్‌లో డెల్, మోరిస్ కలిసి వీటి చక్కెరలను విప్పి చూశారు. ఎ రకం మీద సియాలిక్ ఆమ్లం ఎక్కిన గొలుసులున్నాయి. ఎస్ రకం మీద ఒక్కటీ లేదు, దానికి బదులు ఫ్యూకోజ్ దండిగా ఉంది.

వీటిని హెమీజోనా పరీక్షలో పెట్టారు. ఒకే మానవ అండపు పొరను సూక్ష్మమైన కత్తితో సరిగ్గా సగానికి కోస్తారు. ఒక సగాన్ని మామూలు వీర్యకణాలతో, రెండో సగాన్ని పరీక్షించాల్సిన పదార్థం కలిపిన వీర్యకణాలతో ఉంచి, దేనికెన్ని అతుక్కున్నాయో లెక్కపెడతారు. రెండు సగాలూ ఒకే అండానివి కాబట్టి పొర వేరు అన్న సాకు ఉండదు. గ్లైకోడెలిన్-ఎ అతుక్కోవడాన్ని అడ్డుకుంది. గ్లైకోడెలిన్-ఎస్ అడ్డుకోలేదు. ప్రొటీన్ అదే, చక్కెర మారితే పని మారిపోయింది. ఇది ఎలుకలో కాదు, మనిషి వీర్యకణాలు, మనిషి అండపు పొర మీద తేలిన విషయం.

ఏడేళ్ల తర్వాత ఇంకో ముడి విడింది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో జూరియన్ డీన్ బృందం 1998లో ఎలుక అండంలో మనిషి జడ్‌పీ3 (జోనాలోని ఇంకో ప్రొటీన్) తయారయ్యేలా చేసింది. ఆ అండానికి ఎలుక వీర్యకణాలే అతుక్కున్నాయి గానీ మనిషివి అతుక్కోలేదు. ఎందుకు? 2003లో డెల్ బృందం ఆ జడ్‌పీ3 మీది ఓ-గ్లైకాన్లనే చక్కెర గొలుసులను చూస్తే, అవి ఎలుక జడ్‌పీ3 మీద ఉండే వాటిలాగే ఉన్నాయి. ప్రొటీన్ మనిషిదైనా ఎలుక కణం తన చక్కెరనే ఎక్కించింది. వీర్యకణం ప్రొటీన్ వైపు కాక చక్కెర వైపు చూస్తోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపించిన రోజులవి.

2011 వ్యాసం ఈ దారిలోనే వచ్చింది. మొదటి రచయిత పో-చూ పాంగ్. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలోని విలియం యూంగ్ బృందం, గ్యారీ క్లార్క్ కలిసి పనిచేశారు. మనిషి అండపు పొర నుంచి దొరికే పదార్థం లెక్కకు రానంత తక్కువ. దాన్ని అతి సున్నితమైన మాస్ స్పెక్ట్రోమెట్రీతో చూస్తే గొలుసుల కొసన అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది సియాలిల్ లూయిస్-ఎక్స్. రక్తనాళాల గోడల్లోని సెలెక్టిన్‌లనే ప్రొటీన్లు తెల్లరక్తకణాలను ఆపడానికి పట్టుకునే చక్కెర కూడా అదే. ఆ చక్కెరను విడిగా కలిపినా, దానికి యాంటీబాడీలు వేసినా వీర్యకణాలు అతుక్కోవడం చాలావరకు తగ్గింది. పూర్తిగా ఆగలేదు. డెల్ బృందం దాన్ని 'ప్రధానమైన' చక్కెర పట్టు అంది, ఏకైక పట్టు అనలేదు. వార్తల్లో ఆ తేడా కొట్టుకుపోయింది.

డీన్ వర్గం వాదనలోనూ బలం ఉంది. 2012లో వాళ్లు ఎలుక అండంలో మనిషి జడ్‌పీ2 పెడితే మనిషి వీర్యకణాలు అతుక్కున్నాయి. 2014లో ఆ పట్టును జడ్‌పీ2 మొదటి కొసకు కుదించారు. అంతకుముందే, 2007లో, పమేలా స్టాన్లీ తదితరులు జోనా గొలుసుల చివరి చక్కెరలు లేని ఎలుక అండాలు కూడా ఫలదీకరణ చెందుతాయని చూపించారు.

కానీ ఆ 2007 పరీక్ష ఎలుకకు సంబంధించింది. ఎలుక జోనాలో మూడు గ్లైకోప్రొటీన్లు, మనిషి జోనాలో నాలుగు. ఎలుకకు అక్కర్లేనిది మనిషికీ అక్కర్లేదనడానికి వీల్లేదు. 2012 ఫలితం మాత్రం అలా కొట్టేయదగ్గది కాదు, అందులో వీర్యకణాలు మనిషివి. అయినా అది జడ్‌పీ2 పట్టు ఇవ్వగలదని చెబుతుందే తప్ప, సొంత చక్కెరలున్న మనిషి అండం మీద సియాలిల్ లూయిస్-ఎక్స్‌కు పని లేదని చెప్పదు. ఆ చక్కెరను అడ్డుకుంటే మనిషి అండం మీదే అతుక్కోవడం ఎందుకు తగ్గిందో ప్రొటీన్ వర్గం నుంచి నాకు తృప్తినిచ్చే జవాబు కనిపించలేదు.

ఇప్పుడు జోవీన్ పరిశోధన వల్ల ప్రొటీన్ వర్గం వాదనలో ఒక ఆధారం సడలింది. జడ్‌పీ2 తెగడానికి వేరే ప్రయోజనం ఉందంటే, 'తెగితే పట్టు పోతుంది, కాబట్టి అదే పట్టు' అనే తర్కం ఒంటరిగా నిలబడదు. అలాగని డెల్ వాదన నెగ్గినట్టూ కాదు. 2011లో చక్కెరలను విడదీసింది పొర మొత్తం నుంచి. ఏ గొలుసు నాలుగు ప్రొటీన్లలో దేని మీద, ఏ స్థానంలో ఉందో అందులో తేలలేదు. సియాలిల్ లూయిస్-ఎక్స్ జడ్‌పీ2 కొస దగ్గరే ఉంటే రెండు వర్గాలూ ఒకే చోటును రెండు పేర్లతో పిలుస్తున్నట్టు. జడ్‌పీ3 మీదనో, జడ్‌పీ4 మీదనో ఉంటే తగువు నిజంగానే ఉన్నట్టు. ఇది తేలాలంటే చక్కెరను విడదీయకుండా, అది అతుక్కున్న పెప్టైడ్‌తో (ప్రొటీన్ ముక్కతో) సహా మనిషి జోనా నుంచి చదవాలి.