పికప్‌కు ఏటీ టైర్లా, ఎంటీ టైర్లా? బెంగళూరులో తరచుగా వినబడే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

బెంగళూరులో పికప్ కొనే మన తెలుగువారిలో చాలామందికి సొంత ఊళ్లో పొలమో, తోటో ఉంటుంది. వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగే హైలక్స్, వీ-క్రాస్ బండ్లు శని ఆదివారాల్లో శ్రీనివాసపురం మామిడితోటలకో, బాగేపల్లి దాటి పెనుకొండ వైపు పల్లెలకో, సకలేశపుర కాఫీతోటలకో వెళుతుంటాయి. కంపెనీ టైర్లు అరిగిపోయి మా టైర్ల దుకాణానికి వచ్చినప్పుడు, అన్ని రకాల దారులకూ పనికొచ్చే ఆల్ టెరైన్ (ఏటీ) వేయించాలా, బురద కోసం చేసిన మడ్ టెరైన్ (ఎంటీ) వేయించాలా అని దాదాపు అందరూ అడుగుతారు. జవాబు చెప్పే ముందు నేను వారిని రెండు విషయాలు అడుగుతాను: మీ దారిలో మట్టి ఎలాంటిది, ఆ మట్టి మీద నెలలో ఎంత దూరం నడుపుతారు?

అపోహ: తోటకు మట్టిదారి ఉంటే మడ్ టైర్లు తప్పవు.

మట్టిదారులన్నీ ఒకటి కావు. కోలారు, చింతామణి, మదనపల్లె చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది ఎర్రనేల. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న చోట వాన నీరు త్వరగా ఇంకిపోతుంది, పైన రెండు మూడు అంగుళాలు మెత్తబడినా అడుగున నేల గట్టిగానే ఉంటుంది. అలాంటి దారికి మంచి ఏటీ టైరు, దానిలో సరైన గాలి ఉంటే సరిపోతుంది. బళ్లారి, ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి సంగతి పూర్తిగా వేరు. తడిసిన రేగడి ట్రెడ్ (టైరులో నేలను తాకే పైభాగం) గాడుల్లో జిగురులా పట్టుకుంటుంది. చక్రం కొన్ని చుట్లు తిరిగేసరికి గాడులన్నీ పూడుకుపోతాయి, ఆ తరువాత ఎంత ఖరీదైన ఏటీ టైరైనా నున్నగా అరిగిన టైరుతో సమానమే. ఎంటీ టైరులో రబ్బరు దిమ్మలు పెద్దవిగా, వాటి మధ్య ఖాళీలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి చక్రం కాస్త వేగంగా తిరిగితే మట్టి ఎగిరిపోయి, శుభ్రమైన అంచులు మళ్లీ నేలను పట్టుకుంటాయి. అంచుల దిమ్మలు సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీదికి కొంత దిగి ఉండటం వల్ల, ట్రాక్టర్లు చేసిన లోతైన గాడిలో ఇరుక్కున్నప్పుడు ఆ గాడి గోడలను కూడా పట్టుకొని బండిని ముందుకు లాగుతాయి. ఎంటీ టైరు తన ధరకు న్యాయం చేసేది ఇక్కడే. నది ఇసుకలో మాత్రం అవే దిమ్మలు ఇసుకను తవ్వి గొయ్యి చేస్తాయి, బండి ఉన్నచోటనే దిగబడుతుంది.

అపోహ: గాడులు లోతుగా ఉంటాయి కాబట్టి వానలో ఎంటీ టైర్లకే పట్టు ఎక్కువ.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ ఇది. దీనిలో కొంత నిజం ఉండటమే దీనిని ప్రమాదకరం చేస్తోంది. రోడ్డు మీద నీరు నిలిచి ఉన్నచోట వేగంగా వెళితే టైరు నీటిపై తేలిపోతుంది; వెడల్పైన గాడులు ఆ నీటిని పక్కలకు తోసి, తేలడాన్ని ఆలస్యం చేస్తాయన్నది వాస్తవమే. కానీ మే నెలలో సాయంత్రం పూట పడే తొలి జల్లుకు దుమ్ము, నూనె కలిసి రోడ్డు మీద పలుచని పొరలా పరుచుకున్నప్పుడు, సిల్క్ బోర్డ్ ఫ్లైఓవర్ దిగుతూ ఉన్నట్టుండి బ్రేకు వేయవలసి వస్తే, బండిని ఆపేది గాడుల లోతు కాదు. రోడ్డును తాకే రబ్బరు ఎంత, ఆ రబ్బరు ఎంత మెత్తనిది, దిమ్మల మీద బ్లేడుతో చీల్చినట్టుండే సన్నని కోతలు ఎన్ని అన్నవే ముఖ్యం. ఆ కోతలను సైప్స్ అంటాం. తడిరోడ్డు మీది నీటిపొరను తెంచి రబ్బరును రోడ్డుకు ఆనించే పని వాటిదే. ఏటీ టైర్లలో ఇవి సాధారణంగా ఎక్కువగా ఉంటాయి, ఎంటీ టైర్లలో తక్కువ. పైగా ఎంటీ టైరు రోడ్డును తాకే భాగమే తక్కువ.

పికప్ విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. సరుకు లేనప్పుడు వెనుక భాగం తేలికగా ఉంటుంది, టూ-హైలో (రెండు చక్రాల డ్రైవ్‌లో) నడిపేటప్పుడు ఇంజను బలమంతా ఆ తేలికైన వెనుక చక్రాలకే వెళుతుంది. అందువల్ల తడి మలుపులో ఖాళీ పికప్ వెనుక నుంచి జారడం మిగతా బండ్లకన్నా సులువు. నగరంలో ఎక్కువగా ఖాళీగా తిరిగే పికప్‌కు ఎంటీ టైర్లు వేయవద్దని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే. మోత, డీజిల్ ఖర్చు ఆ తరువాతి సంగతులు.

అపోహ: వెనుక రెండు ఎంటీలు, ముందు పాతవి ఉంచితే ఖర్చు కలిసివస్తుంది.

ఈ బండ్ల ఫోర్ వీల్ డ్రైవ్ రకాల్లో ఉన్నది పార్ట్-టైమ్ ఏర్పాటు, అంటే అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలకూ బలం వెళుతుంది. ఫోర్-హై (నాలుగు చక్రాల డ్రైవ్) వేయగానే ముందు, వెనుక చక్రాలకు బలాన్ని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. ముందు వెనుక టైర్ల చుట్టుకొలతల్లో తేడా ఉంటే ఆ తేడా అంతా ఇంజను బలాన్ని ముందు వెనుకలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద, గేర్ల మీద ఒత్తిడిగా పడుతుంది. తారురోడ్డు మీద ముందు పట్టు ఒకలా, వెనుక పట్టు ఒకలా ఉండటం కూడా మంచిది కాదు. నాలుగూ ఒకే రకం ఉండాలి, స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి.

అపోహ: ఎంటీ టైరు పంక్చర్ కాదు.

సైడ్‌వాల్ గట్టిదనం దానిలోని పొరలను బట్టి ఉంటుంది. మూడు పొరల సైడ్‌వాల్ ఉన్న ఏటీ టైర్లూ ఉన్నాయి. ట్రెడ్‌లో మేకు దిగితే రెండూ పంక్చర్ అవుతాయి, కొత్తగా కొట్టిన కంకర అంచు సైడ్‌వాల్‌ను కోస్తే రెండింటినీ పారేయవలసిందే.

అపోహ: గాలి ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండాలి.

తారురోడ్డు మీద డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న లెక్కను పాటించాలి. టైరు మీద ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉంటే మాత్రం అదే బరువు మోయడానికి కొంత ఎక్కువ గాలి కావలసి వస్తుంది, ఆ లెక్క టైరు కంపెనీ పట్టికలో చూసుకోవాలి. బురదలోకో, ఇసుకలోకో దిగే ముందు 18-20 పీఎస్ఐ వరకు తగ్గిస్తే టైరు పరుచుకుని నేలను తాకే భాగం పెరుగుతుంది. టైరు రకం మార్చడం కన్నా చాలాసార్లు ఇదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. 15 కన్నా దిగువకు వెళితే రిమ్ము నుంచి బీడు (రిమ్ముకు బిగుసుకునే టైరు అంచు) ఊడే ప్రమాదం ఉంది. తిరిగి తారురోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవాలి కాబట్టి, టైర్ల మీద వేలు ఖర్చు పెట్టేవారు చిన్న కంప్రెసర్ ఒకటి బండిలో ఉంచుకోవడం తప్పనిసరి.

అపోహ: ఒక సైజు పెంచితే బండికి బలం.

వీ-క్రాస్‌లో కంపెనీ ఇచ్చే 255/60 ఆర్ 18 టైరు ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు. దానికి బదులు 265/65 ఆర్ 18 వేస్తే ఎత్తు దాదాపు 802 మిల్లీమీటర్లకు చేరుతుంది, అంటే 5 శాతం పెరుగుదల. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది, గేర్లు బరువెక్కుతాయి, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు. కంపెనీ అనుమతించని మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు కూడా ఉన్నాయి. సైజు మార్చకపోయినా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె) చూడాలి: 110 అంటే ఒక్కో టైరు 1060 కిలోలు, 112 అంటే 1120 కిలోలు. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువది వేయకూడదు. చాలా ఎంటీ టైర్ల మీద కనిపించే క్యూ అక్షరానికి అర్థం గంటకు 160 కిలోమీటర్ల పరిమితి అని.

అపోహ: ఏటీలు మోత పెట్టవు, ఎంటీలు పెడతాయి, అంతే.

మోత టైరు రకంతో పాటు అరుగుదల మీద కూడా ఆధారపడుతుంది. రొటేషన్ (చక్రాల స్థానాల మార్పు) చేయించని టైరు ట్రెడ్‌ను అరచేతితో ఒకవైపు నిమిరితే నునుపుగా ఉంటుంది, రెండోవైపు నిమిరితే ప్రతి దిమ్మ అంచూ చేతికి గీరుకుంటుంది. అప్పుడు వచ్చే హోరును విని వీల్ బేరింగ్ పోయిందనుకొని మా దగ్గరకు వచ్చేవారు ఎందరో. పెద్ద దిమ్మలున్న ఎంటీలలో ఈ అరుగుదల త్వరగా మొదలవుతుంది కాబట్టి ప్రతి 8,000 కిలోమీటర్లకు చక్రాల స్థానాలు మార్పించాలి, ఎలైన్‌మెంట్ చూపించాలి.

అపోహ: బెంగళూరులో ఉండేవారికి ఎంటీ టైర్లు శుద్ధ దండగ.

ఇది మొదటి అపోహకు అవతలి కొస. రేగడి నేలలో సొంత వ్యవసాయం చూసుకుంటూ వానాకాలమంతా పొలానికి తిరిగేవారికి, సకలేశపుర వైపు నిటారు ఎస్టేటు దారుల్లో జూన్ నుంచి సెప్టెంబరు వరకు కూలీలను, ఎరువు బస్తాలను మోసేవారికి నేనే ఎంటీ వేసుకోమని చెబుతాను. అక్కడ బండి దిగబడితే లాగడానికి ట్రాక్టరు దొరికేసరికి పూట గడిచిపోతుంది. అలాంటివారు మిగతా ఎనిమిది నెలలు నగరంలో తిరిగేవారైతే, మామూలు స్టీలు రిమ్ములు ఒక సెట్టు కొని ఎంటీలను వాటికి ఎక్కించుకోవడం ఉత్తమం. వానలు మొదలయ్యే ముందు నాలుగు చక్రాలూ మార్చుకోవచ్చు, టైరును రిమ్ము నుంచి విప్పే పని ఉండదు, బీడు దెబ్బతినదు. విప్పిన సెట్టును బురద కడిగి, ఎండ తగలని చోట ఉంచి, ఏ చక్రం ఏ మూలదో చాక్‌పీసుతో రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాది స్థానాలు మార్చి బిగించడం తేలికవుతుంది.