అసీమా చటర్జీ అసలు ఏం కనిపెట్టారు?

2017 సెప్టెంబరు 23న గూగుల్ తన మొదటి పేజీలో ఒక బెంగాలీ రసాయన శాస్త్రవేత్త బొమ్మ పెట్టింది. అసీమా చటర్జీ, ఆ రోజుకి ఆవిడ పుట్టి సరిగ్గా నూరేళ్ళు. అప్పటి నుంచి "బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందు కనిపెట్టిన భారతీయ మహిళ" అనే మాట ఫార్వర్డుల్లో తిరుగుతూనే ఉంది. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఆవిడ నిజంగా చేసిన పని వేరే, పైగా నాకైతే అదే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది.

ముందు బిళ్ళగన్నేరు సంగతి తేల్చేద్దాం. జమైకాలో షుగరు జబ్బుకి ఈ ఆకు కషాయం తాగేవాళ్ళు. 1952లో ఆ ఆకులు కొన్ని కెనడాలోని రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడి దగ్గరకి చేరాయి. ఎలుకలకి ఎక్కించి చూస్తే షుగరు తగ్గలేదు, రక్తంలో తెల్లకణాలు మాత్రం దారుణంగా పడిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగే లుకేమియాకి ఇదే మందు కావచ్చు కదా అని నోబుల్, చార్లెస్ బీర్ కలిసి పట్టుబట్టి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ వాళ్ళు అదే మొక్క మీద పనిచేస్తూ విన్‌క్రిస్టిన్ దాకా వెళ్ళారు. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఈరోజుకీ వాడుతున్న మందు అది. అసీమా గారు కూడా ఈ మొక్క రసాయనాల మీద చాలాకాలం పనిచేశారు, కానీ మందు కనిపెట్టిన ఘనత వాళ్ళది.

ఇక ఆవిడ పని. 1941లో, ఇంకా పెళ్ళి కాక ముందు, అసీమా ముఖర్జీగా ఉన్న రోజుల్లో ఆవిడ సర్పగంధికి దగ్గర చుట్టమైన రావుల్ఫియా కానెసెన్స్ అనే మొక్క నుంచి ఒక కొత్త ఆల్కలాయిడ్‌ను వేరు చేశారు. దానికి రావుల్సిన్ అని పేరు పెట్టారు. వయసు ఇరవై నాలుగు దాటలేదు, బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది.

ఆల్కలాయిడ్ అంటే నైట్రోజన్ ఉండి, క్షార గుణం ఉన్న మొక్క రసాయనం అనుకుంటే సరిపోతుంది. కాఫీలో కెఫీన్, పొగాకులో నికోటిన్, నల్లమందులో మార్ఫిన్, సింకోనా బెరడులో క్వినైన్ ఈ కోవలోవే. ఆ క్షార గుణాన్ని పట్టుకునే వీటిని మొక్క నుంచి బయటికి లాగుతారు. ఆకో వేరో ఎండబెట్టి, పొడికొట్టి, ఆల్కహాల్‌లో నానబెడతారు. ఆ సారానికి పలచటి ఆమ్లం కలిపితే ఆల్కలాయిడ్లు లవణాలుగా మారి నీళ్ళలోకి దిగిపోతాయి, నూనెలూ జిగురూ ఆకుపచ్చ రంగూ చాలావరకు వెనకే ఉండిపోతాయి. తర్వాత ఆ నీళ్ళకి అమోనియా పోస్తే ఆల్కలాయిడ్లు మళ్ళీ విడిపడతాయి. డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం చుక్క వేస్తే నారింజ రంగు తిరుగుతుంది, ఉన్నాయని ఆనవాలు. అయితే అప్పటికి దొరికింది ఒక గుంపు మాత్రమే, ఒక్కో మొక్కలో పదుల రకాలుంటాయి, వాటిని ఒక్కొక్కటిగా విడదీసి స్ఫటికాలు కట్టించాలి, అవి ఒక పట్టాన కట్టవు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. చేతిలో తెల్లటి స్ఫటికాలున్నాయి, లోపల పరమాణువులు ఎలా అల్లుకుని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? ఇప్పుడైతే ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రంలో పెడితే రోజులో బొమ్మ వచ్చేస్తుంది. 1941లో అదేం లేదు. ఇంటి ప్లాను తెలుసుకోవడానికి ఇంటిని కూలగొట్టి ఇటుకలు లెక్కపెట్టినట్టు, అణువుని ముక్కలు చేసి చూసేవాళ్ళు. క్షారంలో మరిగిస్తే మిథైల్ గుంపు ఊడివచ్చి ఒక ఆమ్లం మిగిలిందా, అయితే ఇందులో మిథైల్ ఎస్టర్ ఉంది. సెలీనియంతో వేడిచేస్తే ఫలానా తెలిసిన పదార్థం వచ్చిందా, అయితే దీని అస్థిపంజరం ఫలానా. ఇలా ఒక్కో చర్యకీ కాస్త స్ఫటికం ఖర్చయిపోతుంది, అయిపోతే మళ్ళీ ఆకు నుంచి మొదలుపెట్టాలి.

అలా తేలిందేమిటంటే, రావుల్సిన్ నిర్మాణం ఆఫ్రికా చెట్టు బెరడులో దొరికే యోహింబిన్ లాంటిదే. అవే పరమాణువులు, అదే వరుస. ఒక చోట ఒక హైడ్రోజన్ ఇటు కాకుండా అటు తిరిగి ఉంటుంది, తేడా అంతే. ఆ చిన్న తేడాకే శరీరంలో దాని నడత మారుతుంది. నరాల చివర్ల, రసాయన సంకేతాలని అందుకునే ఆల్ఫా-2 అనే గ్రాహకాలని యోహింబిన్ కూడా అడ్డుకుంటుంది, కానీ వాటిని ప్రత్యేకంగా ఎంచి పట్టుకోవడంలో రావుల్సిన్‌ది పైచేయి. అందుకే తర్వాతి దశాబ్దాల్లో ఔషధ శాస్త్ర ప్రయోగశాలల్లో ఈ గ్రాహకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడానికి రేడియో ధార్మిక రావుల్సిన్‌ను వాడారు. అది మందు కాదు, మందులు వెతికేవాళ్ళకి పనిముట్టు. ఇలాంటివి ఫార్వర్డులకి ఎక్కవు లెండి.

చదువంతా కలకత్తాలోనే, 1944లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా. అంతకు ముందే 1940లో లేడీ బ్రబోర్న్ కాలేజీలో రసాయన శాస్త్ర విభాగం పెట్టి నడిపారు. అదే కాలంలో మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో టి.ఆర్. శేషాద్రి పువ్వుల రంగుల వెంట, ఫ్లేవనాయిడ్ల వెంట పడ్డారు. దేశంలో మొక్కల రసాయన శాస్త్రం ఇలా రెండు మూడు చోట్ల, అరకొర సామాన్లతో నడుస్తున్న రోజులవి. 1947లో అసీమా చంటిబిడ్డని తీసుకుని అమెరికా వెళ్ళారు, అక్కడి నుంచి జ్యూరిక్‌లో నోబెల్ గ్రహీత పాల్ కారర్ దగ్గర రావుల్సిన్ కోవకే చెందిన ఇండోల్ ఆల్కలాయిడ్లు చదివి 1950లో తిరిగొచ్చేశారు. అక్కడే ఉండిపోతే పని ఎంతో సులువయ్యేది. కలకత్తాలో నిధులు తక్కువ, ద్రావణులకి కటకట, చేసిన నమూనాలని విశ్లేషణ కోసం విదేశాలకి పంపి ఫలితం కోసం కాచుకోవడం. ఆ పరిస్థితుల్లో వందల పరిశోధనా పత్రాలు వచ్చాయంటే నాకు ఆశ్చర్యమే. 1961లో, దేశంలో సైన్సుకిచ్చే పెద్ద గౌరవాల్లో ఒకటైన భట్నాగర్ బహుమతి వచ్చింది, మహిళల్లో ఆవిడే మొదలు. 1975లో పద్మభూషణ్.

ఆవిడ ఎంచుకున్న మొక్కల్లో చాలావాటికి ఒక చుట్టరికం ఉంది. సర్పగంధి, బిళ్ళగన్నేరు, ఏడాకుల పాల, అన్నీ గన్నేరు కుటుంబానివే. ఈ కుటుంబంలోని మొక్కలు ట్రిప్టమిన్‌నీ సెకోలోగానిన్ అనే ఇంకో అణువునీ అతికించి ముందు ఒకే ఒక్క ముడిసరుకు చేసుకుంటాయి. దాన్ని ఒక మొక్క ఇలా మడిస్తే రక్తపోటు తగ్గించే రిసెర్పిన్, ఇంకోలా మడిస్తే గుండె లయ మీద పనిచేసే అజ్మలిన్. రెండు రకాలు జతకడితే విన్‌క్రిస్టిన్. ప్రకృతిలో ఇలాంటివి దాదాపు మూడు వేలు తెలుసు. ఒకదాని నిర్మాణం తేలితే పక్కదానికి దారి దొరుకుతుంది కాబట్టి ఆవిడ ఏళ్ళ తరబడి ఈ కుటుంబాన్ని వదల్లేదు.

ఇక ఆవిడ పేరు మీద చెప్పే మందులు. వరిపొలాల్లో, మడుగుల్లో నాలుగాకులతో పెరిగే ఒక ఫెర్న్ ఉంది, బెంగాల్లో సుషుని శాకం అంటారు, తింటే నిద్ర బాగా పడుతుందని అక్కడి నమ్మకం. దాని నుంచి ఆవిడ బృందం 1963లో మూర్ఛని తగ్గించే పదార్థాన్ని నివేదించింది. తర్వాత అదే మొక్కతో, జటామాంసితో మూర్ఛకి ఆయుష్-56 అనే మందు వచ్చింది. మలేరియాకి ఆయుష్-64. దాని దినుసులు మనకి కొత్తవేం కావు: గచ్చకాయ, కటుకరోహిణి, చిరాయత, ఏడాకుల పాల. ఈ చివరిదాన్నే హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ రోడ్ల పక్కన నాటేసి, పూత సీజన్లో ఆ ఘాటు వాసన భరించలేక జనం గోల పెట్టారు.

ఇక్కడ కాస్త ఆగాలి. 2021లో కరోనా రెండో విడతలో ఆయుష్-64ని దేశమంతా పంచారు. కానీ అసలు మలేరియా మీదే దాని పనితనం ఎంత? 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో వైవాక్స్ మలేరియా రోగులకి కొందరికి ఇది, కొందరికి మలేరియాకి మామూలుగా ఇచ్చే క్లోరోక్విన్ ఇచ్చి చూశారు. క్లోరోక్విన్ వాడినవాళ్ళందరికీ నయమైంది, ఆయుష్-64 వాడినవాళ్ళలో నయమైంది సుమారు సగం మందికి. ఒక మొక్కలో ఫలానా అణువు ఉందని నిరూపించడం వేరు, ఆ మొక్క మాత్ర వేసుకుంటే జబ్బు తగ్గుతుందని నిరూపించడం వేరు. మొదటి పనిలో అసీమా గారిది తిరుగులేని స్థాయి. రెండోదానికి రోగులు, ఆసుపత్రులు, పెద్ద ట్రయల్స్ కావాలి, అది ఒక రసాయన శాస్త్రవేత్త ఒంటిచేత్తో చేసే పని కాదు.

రావుల్సిన్ మాత్రం ఇప్పుడు ఇంకో చోట తేలింది. జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి అమ్మే కొవ్వు కరిగించే క్యాప్సూళ్ళ మీద 'ఆల్ఫా యోహింబిన్' అని కనిపిస్తే అది ఇదే. ఆల్ఫా-2 గ్రాహకాలని అడ్డుకుంటే ఒంట్లో నారడ్రినలిన్ ఎక్కువ విడుదలవుతుంది, దాంతో గుండెదడ, బీపీ, టెన్షన్ పెరగొచ్చు. బీపీకి మందులు వాడేవాళ్ళు దాని జోలికి పోకపోవడం మేలు.