ప్లేయర్ ఫార్మాట్ కొడితే పెద్ద ఫైళ్లు ఎక్కుతాయా? ఈ గొడవ అసలు 2009 నాటిది

మ్యూజిక్ ప్లేయర్ కార్డులో బోలెడు ఖాళీ ఉంటుంది, అయినా ఒక పెద్ద ఫైల్ కాపీ చేయబోతే "ఈ ఫైల్ చాలా పెద్దది" అని ఆగిపోతుంది. ఈ పంచాయితీ కొత్తదేం కాదు, కానీ 2024 ఆగస్టు నుంచి మళ్లీ లేచింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ విండోస్ 11 టెస్ట్ బిల్డ్ ఒకదాంట్లో ఫ్యాట్32 (కార్డులో ఫైళ్లు ఎలా సర్దాలో చెప్పే పాత పద్ధతి) ఫార్మాట్ చేయగలిగే కార్డు సైజు హద్దుని 32 జీబీ నుంచి 2 టీబీకి పెంచింది, అదీ కమాండ్ లైన్లో టైప్ చేసేవాళ్లకి. అంతే, "ఇంకేం, ఫార్మాట్ కొట్టేయండి, పెద్ద ఫైళ్లు ఎక్కేస్తాయ్" అని ఒక బ్యాచ్, "ఫార్మాట్ జోలికి పోకండి బాబూ, ప్లేయర్ కార్డునే గుర్తుపట్టదు" అని ఇంకో బ్యాచ్.

మొదటి బ్యాచ్‌కి ఒక్క మాట. పెరిగింది గది, గుమ్మం కాదు. 2 టీబీ కార్డు మొత్తాన్ని ఫ్యాట్32 చేసినా అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటలేదు, ఎందుకంటే ఫైల్ సైజు రాసుకోడానికి ఆ ఫార్మాట్‌లో ఉన్న చోటే 32 బిట్లు, అంటే 4,29,49,67,295 బైట్ల దగ్గర ఆగిపోవాల్సిందే. ఆ 32 జీబీ హద్దు సంగతి వేరే, అది టెక్నికల్‌గా ఉండాల్సిందే కాదు. ఫార్మాట్ డైలాగ్ రాసిన డేవ్ ప్లమర్ అనే మాజీ మైక్రోసాఫ్ట్ ఇంజనీరే చెప్పాడు, ఒక గురువారం పొద్దున కూర్చుని తాత్కాలికం అనుకుని రాసేశానని, 32 జీబీ కూడా అప్పటికప్పుడు అనుకున్న అంకేనని. ఆ తాత్కాలికం పాతికేళ్ల పైన నడిచింది.

ఫ్యాట్32 ఎప్పుడొచ్చింది, ఐపాడ్ ఎలా హిట్టయింది అనేవి అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. తెలుసుకోవాల్సింది ఏంటంటే ఆ రోజుల్లో ఈ 4 జీబీ ఎవరికీ అడ్డం రాలేదు. సీడీ క్వాలిటీ వేవ్ ఫైల్ (కుదించని ఆడియో) 4 జీబీకి చేరాలంటే ఆగకుండా ఆరున్నర గంటల పైన మోగాలి, మొదటి ఐపాడ్ మొత్తం సైజే 5 జీబీ. అదే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ రికార్డింగ్ అయితే 62 నిమిషాలకే 4 జీబీ నిండిపోతుంది. ఒక కచేరీ మొత్తం ఒకే ఫైల్‌గా పెట్టుకునేవాళ్లు, ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) డిస్కు మొత్తాన్ని ఒకే ఫైల్‌గా ఇమేజ్ చేసుకునేవాళ్లు (సింగిల్ లేయర్ డిస్కే 4.7 జీబీ) సరిగ్గా ఇక్కడే గుద్దుకుంటున్నారు.

మరి పెద్ద ఫైళ్లు పట్టే ఫార్మాట్ లేదా అంటే ఉంది, ఎక్స్‌ఫ్యాట్, 2006లోనే చిన్న డివైజుల కోసం చేసిన విండోస్ సీఈ 6.0తో వచ్చింది. అది ఉండి కూడా ప్లేయర్లు ఇన్నేళ్లు ఫ్యాట్32ని ఎందుకు పట్టుకుని వేలాడాయి అంటే, నా లెక్కలో జవాబు 2009 మొదటి మూడు నెలల్లో ఉంది.

జనవరిలో మెమరీ కార్డుల స్టాండర్డ్స్ పెట్టే ఎస్‌డీ అసోసియేషన్ ఎస్‌డీఎక్స్‌సీ అనే కొత్త కార్డుల స్టాండర్డ్ ప్రకటించింది. 32 జీబీ దాటిన కార్డులు, 2 టీబీ దాకా, అన్నీ ఎక్స్‌ఫ్యాట్‌తో రావాలి అని. అందరూ వాడే కార్డుకి పెట్టిన ఫార్మాట్ ఒక్క కంపెనీ పేటెంట్ కింద ఉంది, కార్డు పూర్తిగా చదవాలంటే ప్లేయర్ చేసేవాడు మైక్రోసాఫ్ట్ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి. సరే తీసుకోకపోతే ఏమవుతుంది అని ఎవరికైనా డౌట్ ఉంటే అది మరుసటి నెలలోనే తీరిపోయింది, ఫిబ్రవరి 25న మైక్రోసాఫ్ట్ టామ్‌టామ్ అనే నావిగేషన్ డివైజుల కంపెనీ మీద కేసు వేసింది, అందులో కొన్ని పేటెంట్లు ఫ్యాట్‌లో పొడుగు ఫైల్ పేర్లకి సంబంధించినవి, ఆ డివైజులు నడిచేది ఫ్రీగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద. మార్చి 30కల్లా టామ్‌టామ్ రాజీకి వచ్చింది, డబ్బు కట్టింది, ఆ ఫైల్ పేర్ల ఫీచర్ రెండేళ్లలో తీసేస్తానని ఒప్పుకుంది.

టామ్‌టామ్ పాటల ప్లేయర్ కాదు నిజమే. కానీ సొంత ఫర్మ్‌వేరో (డివైజు లోపల ఉండే సాఫ్ట్‌వేర్) లైనక్సో పెట్టుకుని డివైజులు చేసుకునే చిన్న కంపెనీకి ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పాలి? పాత ఫ్యాట్ లైసెన్సుకే 2003లో ఒక్కో డివైజుకి 25 సెంట్లు, గరిష్ఠంగా కంపెనీకి 2.5 లక్షల డాలర్లు అని రేటు పెట్టారు. పెద్ద కంపెనీకి ఆ గరిష్ఠం చిల్లర, మార్జిన్ తక్కువ ఉన్న చిన్న ప్లేయర్ వాడికి ప్రతి పావలా లెక్కే. కొత్తదానికి ఇంకో లైసెన్స్, ఇంకో లాయర్ ఎందుకని "32 జీబీ వరకే సపోర్ట్" అని అట్ట మీద రాసేసి ఊరుకుంటే తప్పు పట్టలేం. ఫ్రీగా దొరికే రాక్‌బాక్స్ ఫర్మ్‌వేర్ కూడా ఏళ్ల తరబడి ఫ్యాట్32 మీదే ఉంది. మైక్రోసాఫ్ట్ వాదన ఏంటంటే కనిపెట్టింది మేము, లైసెన్స్ అడిగాం. సరే.

ఇప్పటి గందరగోళం కూడా ఇక్కడి నుంచే. ఫార్మాట్ అనే ఒక్క మాటతో ఇద్దరు ఎదురెదురు పనులు చేస్తున్నారు. పాత ప్లేయర్ ఉన్నవాళ్లు ఎక్స్‌ఫ్యాట్‌తో వచ్చిన పెద్ద కార్డుని ఫ్యాట్32 చేస్తారు, లేకపోతే ప్లేయర్‌కి కార్డు కనపడదు, 2024 మార్పు పనికొచ్చేది వీళ్లకే. కొత్త ప్లేయర్ ఉండి 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కించాలనుకునేవాళ్లు ఫ్యాట్32ని ఎక్స్‌ఫ్యాట్ చేయాలి. ఒకరి సలహా ఇంకొకరు పాటిస్తే రెండో బ్యాచ్ భయపెట్టేదే జరుగుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఇంకో మైనస్ ఉంది, ఫ్యాట్32లో ఫైళ్ల పట్టిక మామూలుగా రెండు కాపీలు ఉంటే దీంట్లో ఒక్కటే, కాపీ మధ్యలో కేబుల్ పీకే అలవాటుంటే జాగ్రత్త. కార్డు కాకుండా ప్లేయర్ లోపలి మెమరీ అయితే కంప్యూటర్ నుంచి ముట్టుకోవద్దు, మెనూలో ఫార్మాట్ ఆప్షన్ ఉంటే అదే వాడాలి. ఏదైనా సరే ఉన్న పాటలన్నీ పోతాయి, ముందు వేరే చోట కాపీ పెట్టుకోవాలి.

ఇంకోటి, మామూలు వేవ్ ఫైల్ హెడర్‌లో కూడా సైజు రాసేది 32 బిట్లలోనే, అంటే కార్డు ఎక్స్‌ఫ్యాట్ చేసినా 4 జీబీ దాటిన ఆ ఫైల్‌ని ప్లేయర్ సరిగ్గా ప్లే చేస్తుందన్న గ్యారంటీ లేదు. ఫ్లాక్‌లోకి మార్చితే సౌండ్‌లో ఒక్క బిట్ పోదు, సైజు తగ్గుతుంది, చాలాసార్లు ఫార్మాట్ అవసరమే రాదు.

2019 ఆగస్టు 28న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్ బయటపెట్టి, లైనక్స్‌లో పెట్టుకోడానికి మద్దతిస్తామని చెప్పింది, అదే ఏడాది నవంబరులో లైనక్స్ 5.4 కెర్నెల్‌లో (దాని మూల భాగం) ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ వచ్చింది, తర్వాతి ఏడాది 5.7లో శామ్‌సంగ్ రాసిన మెరుగైనది దాని స్థానంలోకి వచ్చింది. అంటే కొత్త ప్లేయర్లకి దారి చాలావరకు క్లియర్. మిగిలింది ఆ పదేళ్ల మధ్య కొన్న ప్లేయర్లు. హార్డ్‌వేర్ బాగానే ఉంది, బ్యాటరీ మార్చుకుంటే ఇంకా నడుస్తాయి, ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇస్తే పోయేదానికి కార్డు మార్చుకోండి, ఫైల్ ముక్కలు చేసుకోండి అని సపోర్ట్ వాళ్లు చెప్తున్నారు, ఇప్పుడు గొడవ పడుతున్నవాళ్లలో గట్టిగా అడుగుతున్నది ఆ అప్‌డేట్ గురించే.